మకరం సీసా

అరవై ఆరేళ్ళ వయసులో నా పుట్టినరోజు మారిపోయింది. నక్షత్రం మారింది, రాశి మారింది, ఆ లెక్కన పేరు కూడా నాది కాకుండా పోయింది. ఇదంతా సత్యవేడులో మా చిన్నమ్మ ఇంట్లో, ఒక ఉగ్గుగిన్నె కడిగినంత సేపట్లో జరిగింది. చిన్నమ్మ అంటే మా అమ్మకు ఆఖరి చెల్లెలు. ఆమెకు మునిమనవరాలు పుట్టిందంటే చూసి వద్దామని తిరుపతి నుంచి వెళ్ళాను. వెళ్ళేసరికి ఇల్లంతా బిక్కుబిక్కుమంటూ ఉంది. బిడ్డ మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టిందట. అది తండ్రికి గండమట. శాంతి చేయించి, నూనెగిన్నెలో బిడ్డ నీడ చూసేదాకా తండ్రి నేరుగా ముఖం చూడకూడదని పంతులు చెప్పి వెళ్ళాడట. ఆ తండ్రి, చిన్నమ్మ మనవడు, ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రవాడు, గడప బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బిడ్డ పుట్టగానే నర్సు తీసి పంపిన ఫోటోలు అప్పటికే వాడి ఫోన్లో ఉన్నాయి. ఫోన్లో చూస్తే చూసినట్టా కాదా అని ఇంట్లోవాళ్ళు రెండు పక్షాలుగా విడిపోయి వాదించుకుంటున్నారు.

చిన్నమ్మకు విసుగొచ్చింది. "ఏం కాదురా, వూరికే ఏడ్సబాకండి" అని మనవడి మీద అరిచి, నా వైపు చెయ్యి చూపించింది. "ఇదో, మీ జానకత్త లేదా? ఈమెదీ మూలే. మొదటి పాదమే. దానికి తోడు అమాస కూడా. ఏమైంది? వాళ్ళ నాయన తొంభై దాటి గుండ్రాయి మాదిరి ఉండాడు."

"నాది మూల కాదు చిన్నమ్మా, ఉత్తరాషాఢ. మకర రాశి" అన్నాను నేను నవ్వుతూ. పెద్దదైపోయింది, మరిచిపోయింది అనుకున్నాను.

చిన్నమ్మ నవ్వలేదు. చేతిలో ఉగ్గుగిన్నె అట్లాగే పట్టుకుని నన్ను చూసింది. "నీకు యింకా చెప్పలేదామ్మే మీ నాయన?" అంది.

మకర రాశి అనే మాట వేరే ఇళ్ళల్లో పంచాంగం తెరిచిన రోజునే వినబడుతుందేమో. మా ఇంట్లో అది రోజూ పొద్దున్నే నాలుక మీద పడేది. మా నాయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. ఇంటి ముందు భాగంలోనే బెల్లం దిమ్మెలు, గోనెసంచులు, కాటా ఉండేవి. వెనక భాగంలో మేమూ మా అవ్వా ఉండేవాళ్ళం. ఏ గదిలోకి వెళ్ళినా కొత్త బెల్లం వాసన, వానకాలమైతే ముక్కిన గోనె వాసన. మా జుట్టుకు కూడా బెల్లం వాసనే వచ్చేది, బడిలో పక్కన కూర్చున్న పిల్లలు వాసన చూసి నవ్వేవాళ్ళు. ఆ బెల్లం మధ్య, మండీ గద్దె పక్కన, నాయనకు ప్రాణంతో సమానమైన ఒక టేకు పెట్టె ఉండేది. అందులో పన్నెండు గోధుమరంగు గాజు సీసాలు. ఒక్కొక్క సీసా మీద నాయన తన చేత్తోనే రాశి బొమ్మ వేసి అంటించాడు. మేషానికి పొట్టేలు, సింహానికి సింహం, కర్కాటకానికి ఎండ్రకాయ. బొమ్మలు వేయడం ఆయనకు చేతకాదు. సింహం పిల్లిలాగా, మకరం బల్లిలాగా ఉండేవి. నా సీసా ఆ బల్లి బొమ్మది.

పెళ్ళికి ముందు బెల్లం లెక్కల కోసం మద్రాసు పోయి వస్తున్న రోజుల్లో ఒక ముసలి హోమియో డాక్టరు దగ్గర నేర్చుకున్నాడట ఈ విద్య. మనిషి ఒంట్లో పన్నెండు రకాల ఉప్పులున్నాయి, ఆకాశంలో పన్నెండు రాశులున్నాయి, ఏ రాశిలో పుట్టినవాడికి ఆ రాశి ఉప్పు తక్కువ పడుతుంది, దాన్ని పాలచక్కెరలో రవ్వంత కలిపి ఇస్తే ఒళ్ళు తనను తానే బాగుచేసుకుంటుంది. ఇంతే సిద్ధాంతం. వాటికి నోరు తిరగని పేర్లుండేవి. మకరానికి కాల్కేరియా ఫాస్, ఎముకలకూ పళ్ళకూ మంచిది. ధనుస్సుకు సిలీషియా, చీము పట్టిన చోట పనిచేస్తుంది. మేషానికి కాలీ ఫాస్, మెదడుకు. నాయనది మేషమే, అందుకని తనకు మెదడు ఉప్పు వచ్చిందని ఆయనకు లోపల్లోపల గర్వం. ఆయన వాటిని జీవ లవణాలు అనేవాడు. వీధిలో అందరూ రాశి ఉప్పు అనేవాళ్ళు. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఇంకో మాట అనేది. "ముందర బెల్లం ఉండాది, పెట్టెలో ఉప్పుండాది. రవ్వంత సింతపండు కూడా తెచ్చి పెట్టుకోరా, ఈడనే పులుసు కాస్తాను."

ఆ డాక్టరు ఇచ్చిన పుస్తకం తెల్లవాళ్ళు రాసింది. అందులో రాశిని పుట్టిన నెలను బట్టి లెక్కపెట్టారు. మన లెక్క అది కాదు కదా. మనకు రాశి అంటే చంద్రుడున్న రాశి, జన్మ నక్షత్రంతో వచ్చేది. నాయన ఆ పుస్తకంలో ఉప్పుల సంగతి అంతా ఉంచుకుని, నెలల సంగతి కొట్టిపారేశాడు. ఒకసారి రేణిగుంట నుంచి వచ్చిన ఒక మందుల ఏజెంటు ఇది తప్పండీ, పుస్తకం ప్రకారం ఇట్లా కాదు అని చెప్పబోయాడు. "తెల్లోళ్ళకు నక్షత్రం యాడ తెలుసప్పా? వాళ్ళకు తెలిసింది క్యాలెండరే" అన్నాడు నాయన. అంతటితో తెల్లవాళ్ళ పని అయిపోయింది. జాతకం లేనివాళ్ళొస్తే పేరులో మొదటి అక్షరం చూసి నక్షత్రం తీసేవాడు. మా పక్కింట్లో రూతమ్మ టీచర్ ఉండేది. మిషన్ బడిలో పాఠాలు చెప్పేది, ఆదివారం చర్చికి పోయేది. 'రూ' అక్షరం స్వాతి నక్షత్రంలో పడింది కాబట్టి ఆమెను తులారాశిలో వేసి, తులకు రావలసిన ఉప్పు ఇచ్చేవాడు. "నన్ను కూడా మీ ఆకాశంలోకి ఎక్కించినారా అన్నా" అని ఆమె నవ్వుతూ తీసుకునేది. తీసుకుని ఇంటికి పోయి వాళ్ళ కోళ్ళకు వేసేదని చాలా రోజుల తర్వాత తెలిసింది.

పొద్దున స్నానం అయ్యాక ఇంట్లో అందరం గద్దె ముందు నిలబడాలి. మాత్రలు చేత్తో ముట్టుకోకూడదు. నాయన సీసా మూతలోకి నాలుగు మాత్రలు వంచుకుని, ఆ మూతతోనే నాలుక మీద వేసేవాడు. "నమలొద్దు పాపా. దానంతట అదే కరగల్ల" అనేవాడు. చక్కెర మాత్రలు కదా, నమలకుండా ఏ పిల్లలుంటారు? నేనూ తమ్ముడూ వెనక్కి తిరిగి కరకరా నమిలేవాళ్ళం. ఆ తర్వాత అరగంట దాకా కాఫీ తాగకూడదు, కర్పూరం వాసన తగలకూడదు, ఉల్లిపాయ కొయ్యకూడదు. అమ్మకు ఉప్పుల మీద నమ్మకం ఉండేదో లేదో గానీ కాఫీ మీద ఉండేది. డికాక్షన్ చల్లారిపోతుంటే గిన్నెలు ఎత్తెత్తి పెట్టేది. నాయన వినబడనట్టు గడియారం చూస్తూ కూర్చునేవాడు. ఆయన నియమాలన్నిటికీ పైన ఇంకో నియమం ఉండేది. జబ్బు ఏదైనా కానీ, రాశిని దాటి ఉప్పు ఇవ్వడు. తులవాడికి కాలు విరిగినా తుల ఉప్పే. ముందు రాశి నిండితే జబ్బు తనంతట పోతుందనేవాడు. ఆ మాట మీద నిలబడ్డాడనే వీధిలో ఆయనకంత గౌరవం. నాక్కూడా ఆయనంటే అంత గురి. మా నాయనకు అందరి లోపలా ఏం తక్కువైందో తెలుసు అనుకునేదాన్ని. నా లోపల ఏం తక్కువైందో మరీ బాగా తెలుసు అనుకునేదాన్ని.

మూడో తరగతిలో ఉండగా నా ఎడమ చెవిలో చీము పట్టింది. మొదట పోటు, తర్వాత కారడం. పొద్దున లేచేసరికి దిండు గలీబు పచ్చగా అంటుకుని ఉండేది. ఆ కంపు నాకే తెలిసేది, బెల్లం వాసన కూడా దాన్ని కప్పలేకపోయేది. బడిలో ఎవరూ నా ఎడమ పక్కన కూర్చునేవాళ్ళు కాదు. అవ్వ వెల్లుల్లి కాచిన నూనె పోసింది. అమ్మ దూది పెట్టింది. నాయన మకరం సీసా తీసి నాలుగు మాత్రలు వేశాడు. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. నేను నమలడం మానేశాను. కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, దానంతట అదే కరిగేదాకా నిలబడేదాన్ని. నమిలినందువల్లే తగ్గడం లేదేమో అని నా భయం. చలికాలం వెళ్ళి మామిడికాయల కాలం వచ్చింది, చెవి కారుతూనే ఉంది.

ఆ రోజుల్లో ఇంట్లో ఒక గొడవ జరిగింది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు, ఎవరినీ అడగనూ లేదు. ఒక మధ్యాహ్నం నాయన ఊళ్ళోకి పోయి ఉండగా అమ్మ మండీ గదిలోకి వచ్చింది. ఆమె ఎప్పుడూ ఆ పెట్టె ముట్టుకునేది కాదు. ఆ రోజు పెట్టె తెరిచి, విల్లు బొమ్మ ఉన్న సీసా తీసి, మాత్రలు కొంగులో కట్టుకుని వంటింట్లోకి పోయింది. వాటిని పొడి చేసి పాలల్లో కలిపి నాకిచ్చింది. "తాగు, ఎవురికీ చెప్పబాక" అంది. నాలుగైదు రోజులు అట్లా తాగాను. తర్వాత ఒక సాయంత్రం నాయనకు సీసా తగ్గినట్టు కనబడింది. ఆయన అమ్మను కొట్టలేదు, తిట్టలేదు. ఆ సీసా ఎత్తుకుని పెరట్లోకి పోయి మొత్తం తూములో వంచేశాడు. తెల్లటి మాత్రలు నీళ్ళలో కరిగిపోతుంటే అమ్మ గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. "నీకు నేను కావల్నా వద్దా?" అని ఒక్క మాట అడిగాడు అమ్మను. నేను అమ్మ కొంగు వెనక నుంచి చూశాను, ఆయన ముఖంలో భయం కనబడింది. ఆ తర్వాత చాలా రోజులు పెట్టెలో ఆ సీసా చోటు ఖాళీగా ఉండేది. ధనుస్సువాళ్ళు ఎవరైనా వస్తే సరుకు అయిపోయిందని పంపించేవాడు.

చివరికి రూతమ్మ టీచరే అమ్మను కదిలించింది. "చీముకు ఉప్పేంది అక్కా? బిడ్డ చెవి పోతాది. వేలూరుకు తీసకపో" అని, తనే బస్సెక్కి మాతో వచ్చింది. నాయనకు గుడికి పోతున్నామని చెప్పి వెళ్ళాం. డాక్టరు నా చెవిలో లైటు వేసి చూసి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని తమిళంలో అడిగాడు. అమ్మకు తమిళం బాగా వచ్చు, సత్యవేడు మనిషి కదా. అయినా అర్థం కానట్టు నేల చూసింది. లోపల కర్ణభేరిని చీము తినేసిందన్నాడు, ఎముకకు కూడా పాకిందన్నాడు. ఆపరేషన్ చేసి చీము ఆపారు. వినికిడి తేలేకపోయారు.

అప్పటి నుంచి నేను ఒంటిచెవి మనిషిని. కాపురంలో మా ఆయన ఎప్పుడూ నా కుడి పక్కనే నడిచాడు. కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు ఎడమ వరసల పిల్లలు గుసగుసలాడుకున్నా నాకు తెలిసేది కాదు, అందుకని నేను మంచి టీచరునని పేరొచ్చింది. పాటంటే నాకు పిచ్చి. చిన్నప్పుడు శ్రుతి బాగా పట్టేదాన్నట. చెవి పోయాక నా గొంతు నాకే వంకరగా వినిపించి పాడటం మానేశాను. దీనికంతా నేను ఎవరినీ ఏమీ అనుకోలేదు. ఆ కాలంలో చెవి కారని పిల్ల ఎవరు? నాయనకు తెలిసిందే ఆయన చేశాడు, పాపం, తప్పుడు విద్యను నమ్ముకున్నాడు అని అందరికీ నేనే చెప్పేదాన్ని. నా పిల్లలు తాతను ఆట పట్టిస్తే కసిరేదాన్ని. ఆయన రాశి ఉప్పుల గురించి ఒక వ్యాసం కూడా రాశాను, ఎంతో ముద్దుగా రాశాను. ఇప్పుడు దాన్ని తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

చిన్నమ్మ ఇక తప్పదని మొత్తం చెప్పింది. నేను డిసెంబరులో ఒక అమావాస్య తెల్లవారుజామున పుట్టాను, సత్యవేడులో, అమ్మ పుట్టింట్లో. పంతులు పంచాంగం తీసి మూల మొదటి పాదమన్నాడు. తండ్రి ఎనిమిదేళ్ళ దాకా బిడ్డ ముఖం చూడకూడదు, బిడ్డ ఇక్కడే పెరగాలి అన్నాడు. మా మేనమామ ఈ కబురు తీసుకుని చిత్తూరు పోయి, ఇంట్లోకి పోకుండా వీధి చివర నిలబడి నాయనను పిలిపించుకున్నాడు. నాయన విని, మండీలోంచి పంచాంగం తెచ్చి చూసి, మేనమామను కాణిపాకం పంపాడు. అక్కడ సత్రంలో ఉండి, ఉత్తరాషాఢ వచ్చాక తిరిగొచ్చి, అప్పుడే పుట్టినట్టు అవ్వకు చెప్పమన్నాడు. అబద్ధం ఆడిన వాళ్ళను ప్రమాణం చేయించడానికి జనం తీసుకుపోయే గుడి అది. మా మేనమామ ఆ దేవుడి పక్కనే కూర్చుని, పులిహోర తింటూ, నా పుట్టుక ముదిరేదాకా కాచుకున్నాడు. ఉత్తరాషాఢకు 'జా' అక్షరం వస్తుంది కాబట్టి జానకి అని పెట్టారు. మా అమ్మ చేత నాయన తన మీద ఒట్టు వేయించుకున్నాడు.

"ఎందుకు చిన్నమ్మా?" అన్నాను.

"ఎందుకేంది? నిన్ను వదిలి ఉండలేకనే. ఎనిమిదేండ్లు బిడ్డను సూడకుండా ఎవురుంటారు? మీ అవ్వకు తెలిస్తే ఇంట్లోకి రానిస్తుందా నిన్ను? గండమైతే కానీలే అని తెగించి తీసకపోయినాడు మీ నాయన."

ఆ రాత్రి తిరుపతికి వచ్చి పడుకున్నాను గానీ రెండు మాటలు ఒకదానితో ఒకటి కుదరలేదు. ప్రాణానికి తెగించి నన్ను తెచ్చుకున్నాడన్నది ఒక మాట. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, అబద్ధం చెప్పను. రెండో మాట ఆ విల్లు బొమ్మ సీసా. మూల అంటే ధనుస్సు. ధనుస్సు అంటే సిలీషియా. నాయన పొగిడి పొగిడి చదివి వినిపించేవాడు, చీముకు దాన్ని మించింది లేదని. ఆయన కొట్టిపారేసిన తెల్లవాళ్ళ నెలల లెక్కన చూసినా డిసెంబరు నడిమిలో పుట్టినదానికి ధనుస్సే. ఎటు చూసినా నాది ఆ సీసానే. మా అమ్మ దొంగతనంగా పాలల్లో కలిపింది నా ఉప్పే. నాకు చదువుంది, ఆ మాత్రలన్నీ పాలచక్కెరేనని నాకు తెలుసు. ఏ సీసాలోవి మింగినా నా చెవి నిలిచేది కాదు, వేలూరుకు ముందే పోయి ఉంటే నిలిచేది. ఆ సంగతి వేరు. నా కోపం మందు మీద కాదు. మందు పనిచేస్తుందని గట్టిగా నమ్మిన మనిషి, వీధిలో కోళ్ళకు పోయేదాకా పంచిన మనిషి, నాకు మాత్రం ఇవ్వకుండా తూములో పోశాడు. అమ్మ బతికి ఉంటే ఆమెను కూడా అడిగేదాన్ని, చచ్చేదాకా ఆ ఒట్టు ఎందుకు మోశావని. అవ్వకు తెలిసిపోతుందని భయపడ్డాడేమో, ఒక అబద్ధం నిలబెట్టుకోవడానికి ఇంకోటి తప్పలేదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నన్ను వదిలి ఉండలేకే ఇదంతా చేశానని ఆయన నోటితో అంటే చాలు, వదిలేద్దామనుకున్నాను.

మర్నాడు చిత్తూరు బస్సెక్కాను. నాయన మా తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. మండీ ఎప్పుడో పోయింది, ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. నాయనకు తొంభై రెండు. చూపు తగ్గింది గానీ మాట, జ్ఞాపకం దిట్టంగా ఉన్నాయి. వసారాలో వాలుకుర్చీలో ఉన్నాడు, పక్కన పెట్టె. నన్ను చూడగానే తన ఎడమ పక్క కుర్చీ చూపించాడు, నా కుడి చెవి ఆయన వైపు ఉండేట్టు. ఇన్నేళ్ళుగా ఒక్కసారి కూడా ఆయన పక్క మరిచిపోలేదు. అది ప్రేమ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

"సత్యవేడు పోయినాను నాయనా. చిన్నమ్మ చెప్పింది. నాది మూలంట గదా."

"దానికి నోరు యెప్పుడూ నిలవదు" అన్నాడు నాయన, కోపం లేకుండా.

"నన్ను ఆడ వదిలి ఉండలేక తెచ్చుకున్నావంట."

అవునమ్మా అని ఉంటే అక్కడికి అయిపోయేది. నేను ఆ మాట వినడానికే అంత దూరం పోయాను. ఆయన తల ఊపాడు. "అదీ ఉండాది. కానీ అంతే కాదు పాపా" అన్నాడు. ఎవరైనా ఉప్పుల గురించి అడిగితే ఆయన గొంతులో ఒక హుషారు వచ్చేది, అది వచ్చింది. కుర్చీలో ముందుకు జరిగాడు. "రాశి ఉప్పు వేస్తే రాశికి బలం వస్తాది. ధనుస్సు ఉప్పు నీ వంట్లో పడితే మూల గట్టిపడతాది. అది గట్టిపడితే నాకే గదా గండం. మకరం ఉప్పు పడతా పోతే నువ్వు మకరమే అయిపోతావు. పేరు కూడా అందుకే అట్ల పెట్టినాను. పసిబిడ్డప్పటి నించి రోజూ వేసినాను, ఒక్క పూట తప్పలేదు. మీ అవ్వకు ఏం తెలుసు యివన్నీ? ఇది నేను ఆలోచన చేసి చేసినాను."

"చెవి కారతా ఉన్నప్పుడు?"

"దానికి సిలీషియానే. తెలీకుండా పోలేదు. మీ అమ్మ ఆ పొద్దు దొంగతనంగా వేసినప్పుడు నాకు చెమటలు పోసినాయి. ఎన్ని దినాలు వేసిందో, ఎంత బలం వచ్చేసిందో అని. నెల దాకా నాకు నిద్ర లేదు."

"బిడ్డ చెవి పోతా ఉంటే..."

"నేను పోతే?" అన్నాడు. నిజంగానే అడిగాడు, నేను జవాబు చెప్పాలని. "మండీ ఎవురు సూస్తారు? మీ అమ్మ, మీ అవ్వ, మీ ఇద్దురూ యాడికి పోతారు? నువ్వు సదువుకుని వుందువా?"

ఆయన ముఖంలోకి చూశాను, తప్పు చేసినవాడి ముఖం ఎక్కడైనా దొరుకుతుందేమోనని. చిన్నప్పుడు అమ్మ కొంగు వెనక నుంచి చూసిన భయం గానీ, కనీసం ఇప్పుడు చెప్పేశానే అన్న తడబాటు గానీ ఏదైనా ఉంటుందని చూశాను. లేవు. లెక్క సరిపోయిన రోజు మండీ కట్టేసి వచ్చే మనిషి ముఖం ఉంది. సత్యవేడులో గడప బయట కూర్చున్న ఆ కుర్రవాడు నాకు గుర్తొచ్చాడు. వాడికి భయం ఉంది, దాన్ని వాడు దాచుకోలేదు. నేను బయల్దేరేటప్పుడు కూడా ఫోన్ తీసి బిడ్డ ఫోటో చూస్తూనే ఉన్నాడు. పంతులు చెప్పినా, ఇంట్లోవాళ్ళు చెప్పినా చూస్తూనే ఉన్నాడు.

నాయన చెయ్యి చాపి నా తల నిమిరాడు. "గండం నీ చెవితో పోయింది పాపా" అన్నాడు. "నాకు తొంభై దాటినాయి. పనిచేసింది సూడు."

"పనిచేసింది నాయనా" అన్నాను.

ఇంకేం అనగలను? నా మరదలు కాఫీ తెస్తానని లోపలికి పోయింది. అది వచ్చేలోపల లేచి వచ్చేశాను. బస్టాండు దాకా నడిచాను, ఆటో ఎక్కబుద్ధి కాలేదు. తిరుపతి బస్సు నిండా ఉంది, నిలబడే వచ్చాను. ఎవరో ఎడమ వైపు నుంచి టిక్కెట్టు గురించి అడుగుతుంటే వినబడక, వాళ్ళు భుజం తట్టాక గానీ తిరిగి చూడలేదు. చిన్నప్పుడు నాకు నాయన కంటే ఎక్కువ ఎవరూ లేరు. ఆయనకు గండమని, ఆయన బతకాలంటే నా చెవి కావాలని నన్ను కూర్చోబెట్టుకుని చెప్పి ఉంటే, రెండు చెవులూ ఇచ్చేదాన్ని. ఆయన అడగలేదు.